నూనె దిగేదాకా

నూనె దిగాలి. దిగేదాకా కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదు. రేవమ్మ పెరట్లో గోబర్ గ్యాసు గుంత పక్కన, ఒకప్పుడు పెండా నీళ్ళూ కలిపిన సిమెంటు తొట్టి గట్టు మీద కూర్చుని, తుప్పుపట్టిన ఇనుప నల్లా వైపు చూస్తోంది. భూమిలో బోర్లించిన పెద్ద కుండలాంటి గుమ్మటం, దాని నడినెత్తి మీంచి లేచిన పైపు, పైపుకు ఈ నల్లా. దీన్ని కట్టేస్తే గుంతలోని గ్యాసు గుంతలోనే ఉంటుంది. కట్టకపోతే గోడ దాటి వంటింట్లోకి పోతుంది. పోతోంది కూడా. ఏళ్ళ తరబడి తిప్పక నల్లా చక్రం బిగుసుకుపోయింది. రెండు చేతులా పట్టి తిప్పితే అరచేతులకు ఎర్రటి తుప్పు అంటింది తప్ప అది కదల్లేదు. అందుకే నూనె పోసింది. పోసిన నువ్వుల నూనె నల్లా మెడ చుట్టూ ఎండకు మెరుస్తూ, లోపలికి పోదామా వద్దా అని ఆలోచిస్తున్నట్టు నిలబడి ఉంది. ఒక్క బొట్టు మాత్రం జారి, పైపు వెంట నడిచి, మట్టిలో ఇంకిపోయింది. మట్టికున్న దాహం ఇనుముకు లేదు. దసరా ముందరి ఎండ మెత్తగా, చల్లారిన పాలలా పలచగా పెరడంతా పరుచుకుంది. ఈ రోజుల్లో ఊరంతా ఒకటే వాసన ఉంటుంది, గోడల మీద సున్నం ఆరే వాసన. ఈ పూట వాళ్ళింట్లో ఆ వాసన మీద ఇంకో వాసన వచ్చి కూర్చుంది.

అది ముందు కలలోకి వచ్చింది. తిని నడిమింట్లో చాప మీద ఒరిగినప్పుడు, కలలో ఆమె బీదరు పక్కన తన పుట్టింట్లో ఉంది. తల్లి ఉలవలు నానేసి మరిచిపోయింది. అవి మురిగి, గిన్నెలో బుడగలు కక్కుతున్నాయి. పారబొయ్యమంటే తల్లి వినిపించుకోదు, వెనక్కి తిరగదు, జడ మాత్రం కనిపిస్తుంది, నల్లటి జడ, చనిపోయేనాటికి లేని జడ. ఆ జడ కోసం చెయ్యి చాస్తూ మేలుకుంది. మేలుకున్నా ఉలవల వాసన పోలేదు. వంటింట్లోకి వెళ్తే, పొయ్యిగట్టు పక్క గోడలో ఉన్న పాత పైపు మూతి తెరుచుకుని ఉంది. ఆ మూతి ఒకటి అక్కడుందని కూడా ఇంట్లో అందరూ మరిచిపోయారు. ఎర్ర సిలిండరు ఇంటికొచ్చిన ఏడు, భర్త కాశప్ప పాత పెండగ్యాసు స్టవ్వు పీకేసి, ఆ మూతిలో జొన్నదంటు బెండు దిగగొట్టి, పైన సున్నం పూశాడు. ఆ పైన ప్రతి దసరాకూ ఇంకో పూత. గోడకు కాసిన కాయలాగా అయిపోయింది అది. ఇప్పుడా బెండు కింద పడి ఉంది, సున్నం పెచ్చులు దాని చుట్టూ. వంగి చూస్తే చెంపకు చల్లటి ఊపిరి తగిలింది. ఎవరో నిద్రలో వదిలినట్టు, నెమ్మదిగా, ఎడతెగకుండా.

గుంత చచ్చిపోయిందిగా, అనుకుంది ముందు. చచ్చిన గుంతకు ఊపిరెక్కడిది అనుకుంది. ఆ తర్వాతే నిప్పు గుర్తొచ్చింది. సిలిండరు స్టవ్వు ఆర్పే ఉంది. కరెంటు పొద్దుటి నుంచి లేదు, వంటింటి బల్బు స్విచ్చి వేసి ఉందో తీసి ఉందో తెలియదు, తెలుసుకోవడానికి దాన్ని ముట్టుకోనూ కూడదు. ఇక మిగిలింది మూల దేవుని గూట్లో నందాదీపం. నవరాత్రి మొదలైన రోజు అత్త గుండమ్మ ముట్టించిన దీపం. పండుగ ముగిసేదాకా పోకూడని దీపం. కంగ్టిలో నిండు నెలలతో ఉన్న మహానంద కోసం మొక్కి పెట్టిన దీపం. మహానంద రేవమ్మకు ఒక్కతే బిడ్డ. మహానంద తొలి కాన్పు ఈ ఇంట్లోనే అయింది. పుట్టిన పిల్లవాడు ఏడవలేదు. అందరూ వాడు ఏడవడం కోసం నిలబడి ఎదురుచూశారు, మంత్రసాని వాణ్ణి తలకిందులుగా పట్టుకుని అరికాళ్ళు తట్టింది, ఆ తర్వాత ఇల్లంతా కమ్మినంత నిశ్శబ్దం రేవమ్మ ఎప్పుడూ వినలేదు. ఈసారి కాన్పు అత్తగారింట్లోనే అని వాళ్ళు పట్టుబట్టారు. వీళ్ళు కాదనలేకపోయారు. పిల్ల అక్కడ, దీపం ఇక్కడ. కాశప్ప ఊళ్ళో లేడు. పొద్దున బోరంచ నల్లపోచమ్మ గుడికి జీపెక్కుతూ గుండమ్మ ఒక్కటే మాట చెప్పింది. "ఇంకేం పని చెయ్యకున్న సరే. దీపం కాడ ఉండు."

ఆ దీపం ముందు నిలబడి రేవమ్మ పూవు కోసం వెతికింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది. తల మీద ఇంటినిండా గ్యాసు పేరుకుంటుంటే, తాను పూవు కోసం చూసింది. దీపాన్ని నోటితో ఊదకూడదు, ఎంగిలి. పూవుతో శాంతింపజేయాలి. కాపురానికొచ్చిన కొత్తలో అత్త నేర్పిన మొదటి పాఠం అదే. చెయ్యి తనకు తానే గూట్లోకి పోయి, అమ్మవారి పాదాల దగ్గరి బంతిపూవును తీసి, మంట నెత్తిన పెట్టి నొక్కింది. మంట పోయింది, వత్తి కొసన ఎర్రటి చుక్క మిగిలింది, పోను పోనని. వేలితో దాన్ని నూనెలో ముంచేసింది. వేలు చుర్రుమంది. అప్పుడు కిటికీలు, తలుపులు, ముందు వాకిలి, వెనక వాకిలి, అన్నీ బార్లా తెరిచి, వత్తిని నమ్మలేక ఇత్తడి ప్రమిదను కూడా ఎత్తుకుని పెరట్లోకి వచ్చిపడింది. నల్లా కదలకపోతే నూనె కావాలని తోచింది. నూనె డబ్బా వంటింట్లో ఉంది. మళ్ళీ ఆ గదిలోకి పోవడానికి కాళ్ళు ఒప్పలేదు. చేతిలో ప్రమిద ఉంది, ప్రమిద నిండా నూనె ఉంది. కూతురి పేరు మీద పోసిన నూనె తుప్పు మీద పోసింది. పోస్తున్నప్పుడు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు, ఈ గట్టు మీద కూర్చున్నాక, కాలిన వేలి కొసలోంచి ఒక్కొక్కటే అనిపిస్తోంది.

గోడవతల దగ్గు వినిపించింది. పక్కింటి రామవ్వ. దగ్గు ముందు, పొగ తర్వాత, ఆ తర్వాత మనిషి. అడ్డగోడ పక్క సందులోంచి నోట్లో చుట్టతో వస్తోంది, కొస కణకణలాడుతూ.

"ఏందే రేవమ్మ, ఇల్లు బార్ల తెరిచి పెండగుంత కాడ కూసున్నవ్? దొంగలకు దావత్ ఇస్తున్నవా?"

"రామవ్వా, ఆడనే ఆగు. ఆ చుట్ట తీసెయ్."

"ఎందుకే? మీ శివాచారపోళ్ళ ఇంట్ల చుట్ట గూడ మైలనా ఇగ?"

"మైల గాదు. పాత పైపుల కెల్లి గ్యాసొస్తుంది. నిప్పు సోకిందంటే నీ గోడ, నా గోడ రెండూ ఉండయ్."

రామవ్వ ఆగింది. చుట్ట తీసి దాని ముఖం చూసింది, గుంత ముఖం చూసింది. "చచ్చేటప్పుడు నోట్ల చుట్ట ఉంటె మంచిదే గని, నీతోని పాటు ఎందుకు పోవాలె నేను" అంటూ వెనక్కి తిరిగి తమ వాకిట్లోని కుడితి తొట్టిలో ముంచి వచ్చింది. "సగం చుట్ట. నిన్ననే అంగట్ల కొన్న. ఇగ ఏమైంది చెప్పు." చెప్పేలోపే ఆమె చూపు రేవమ్మ పక్కన గట్టు మీదున్న ఇత్తడి ప్రమిద మీద పడింది. అందులో నల్లబడ్డ వత్తి, వాడిన బంతిపూవు. రామవ్వ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"గుండమ్మ దీపమా ఇది?"

"ఆ."

"గుండమ్మ ఏది?"

"బోరంచకు పోయింది. పొద్దుగూకేవరకు వస్తది."

రామవ్వ దగ్గరికొచ్చి వంగి, గోడలకు కూడా వినబడనంత చిన్నగా అంది. "గాలికి పోయిందని చెప్పు బిడ్డా. తలుపులు తెరిచినవ్, గాలొచ్చింది, పోయింది. ఎవడు చూసిండు? నేనైతె చూడలే. నేను చుట్ట ఆర్పుకుంటున్న." వెళ్ళిపోతూ సందు మొదట్లో తిరిగి, "నీ అత్త నోరు నాకెరుక గదా" అని కూడా అంది.

గాలి. ఎంత తేలికైన మాట. నిజంగానే గాలి ఉంది కూడా, ముందు వాకిట్లోంచి దూరి, నడిమింట్లో క్యాలెండరు కాగితాలను టపటపలాడించి, వంటింటి వాసనను నెట్టుకుంటూ పెరట్లోకి వస్తోంది. గాలిది పాపం అంటే గాలి కాదనదు. రేవమ్మ నల్లా మీద వేలు పెట్టి చూసింది. నూనె కాస్త తగ్గింది. తాగుతోంది. ఇనుము తాగేది కంటికి కనపడదు, పిల్ల కడుపులో పెరిగేది కనపడనట్టే. చక్రం పట్టి మెల్లగా నొక్కి చూసింది. ఇంకా లేదు. బలవంతం చేస్తే మెడ విరుగుతుంది, ఇనుముతో ఇనుమును కొడితే నిప్పురవ్వ లేస్తుంది. ఈ గుంత కట్టిన రోజుల్లో వ్యవసాయ ఆఫీసు నుంచి వచ్చిన మనిషి, తెల్ల బూట్లకు పెండ అంటకుండా కాలివేళ్ళ మీద నడుస్తూ, ఇవన్నీ చెప్పాడు. గ్యాసు ఎక్కడ కారుతుందో చూడాలంటే అగ్గిపుల్ల గీయకూడదు, నురగ పూయాలి, బుడగ లేస్తే అక్కడే కారుతున్నట్టు. కాశప్ప ఆ మనిషి ముందు తల ఊపి, ఆయన జీపు మలుపు తిరగ్గానే అగ్గిపుల్ల గీసి ప్రతి అతుకు దగ్గరా పెట్టి చూశాడు. ఒక అతుకు దగ్గర నీలం పూస ఒకటి పుట్టి, పైపు వెంట పాకి, కాశప్ప కనుబొమ్మను నాకి మాయమైంది. నెలరోజులు ఒక్క కనుబొమ్మతో అంగడికి పోయాడు. అడిగినవాళ్ళకు మంగలి తప్పని చెప్పాడు. మంగలి సంగప్ప అది విని ఆయనకు గడ్డం చెయ్యనని మొండికేశాడు.

కానీ మొదటిసారి వంటింట్లో ఆ మంట వెలిగినప్పుడు. అది తలుచుకుంటే ఇప్పటికీ రేవమ్మకు కళ్ళ వెనక చల్లగా ఉంటుంది. అంతకుముందు మంట అంటే పొగ, పసుపు, ఎరుపు, దగ్గు, ఊదుగొట్టం, కంటి నీళ్ళు. ఇది చప్పుడు లేకుండా, నీలంగా, గుండ్రంగా విచ్చుకుంది. శనగచేలో పూసే చిన్న పూవు రంగు. కల్హేరు నుంచి కూడా చుట్టాలొచ్చి చూసిపోయారు, పెండతో టీ కాగుతుందట అని. టీ తాగి, గ్లాసు వాసన చూశారు. గుండమ్మ మాత్రం మొదట ఆ మంట మీద వండింది ముట్టలేదు. రెండు రోజులు అటుకులతో గడిపి, మూడో రోజు పొయ్యి ముందు పీట వేసుకు కూర్చుంది. పెండ అంటే విభూతికి మూలం, మోదుగ కట్టెకంటే ఇదే మడి అని తీర్పు చెప్పింది. అప్పటి నుంచి ఆ నీలం మంట ఆమెదే. నేల మీద కూర్చుని, ఒక కాలు ముడిచి, ఒక కాలు చాపి, అరచేతుల మధ్య జొన్నరొట్టె చరుస్తుంటే ఆ చప్పుడు పెరడు దాటి వినిపించేది. మహానంద చిన్నపిల్ల. బడి నుంచి వచ్చి ఈ గుమ్మటం మీద బోర్లా పడుకుని, చెవి మట్టికి ఆనించి, లోపల గుడగుడ వినేది. "అమ్మా, లోపల తాత గురక పెడుతుండే" అనేది. తాత కాదే, అది బువ్వ అరిగించుకుంటుందే అని గుండమ్మ చెప్పేది. దానికి కూడా కడుపుంది, మనకు పెట్టేదానికి మనం పెట్టాలె అని, తొట్టిలో పెండను చేత్తో పిసికి, గడ్డి పరకలు ఏరి పారేసి, పసిపిల్లకు గోరుముద్దలు కలిపినట్టు కలిపేది.

తర్వాత వానలు సరిగా లేని ఏళ్ళు వచ్చాయి. ఎడ్లను అమ్మేశారు, ఆవులను అమ్మేశారు, ఒక్క బర్రె మిగిలింది. ఒక్క బర్రె పెండకు గుంత నిండదని కాశప్ప తేల్చేశాడు. జహీరాబాదు నుంచి ఎర్ర సిలిండరు వచ్చింది. దానితో పాటు నిలబడి వండే గట్టు వచ్చింది. గుండమ్మ మోకాళ్ళు నిలబడనివ్వవు, సిలిండరును చూస్తే ఆమెకు భయం, చక్రం ఎటు తిప్పాలో తెలియదు. నువ్వు కూర్చో అత్తా, నేను చేసుకుంటా, అంది రేవమ్మ. ప్రేమగానే అంది. రోజూ అంది. కూర్చో అత్తా. కూర్చో. కూర్చుని కూర్చుని ఆమె అరచేతుల చప్పుడు ఇంట్లోంచి ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు.

బర్రె తోక విసిరింది. రేవమ్మ గట్టు మీద చెయ్యి ఆనించి ఇటు జరిగింది. చేతికి చల్లగా తగిలింది. చూస్తే తొట్టి లోపలి గోడ తడిగా ఉంది. ఎండిపోయి, పగిలి, పిచ్చుకలు దుమ్ము స్నానం చేసే తొట్టి, తడిగా ఉంది. పచ్చటి పొర ఒకటి అడుగున మెరుస్తోంది. గోడ మీద చేతివేళ్ళతో తుడిచిన చారలు, నాలుగు వేళ్ళవి, ఐదోది పక్కగా. ఒక మూలన ఏరి పారేసిన గడ్డి పరకలు, చిన్న కుప్పగా. రేవమ్మ చాలాసేపు ఆ కుప్పను చూసింది. తెల్లవారుజామున, నిద్రకూ మెలకువకూ మధ్య, పెరట్లో ఏదో జారిన చప్పుడు, నీళ్ళు పోసిన చప్పుడు వినబడేది. కలే అనుకునేది. పాత రోజులు కలలోకి వస్తున్నాయనుకుని అటు తిరిగి పడుకునేది. గోడకు కొట్టిన పిడకలు ఈ మధ్య తగ్గాయని రామవ్వ ఒకసారి అంటే, ముసలామె చేస్తున్న పని కదా అని ఊరుకుంది. పిడకలు ఊరికే తగ్గలేదు. పెండ ఇక్కడికి వచ్చింది. రోజూ కొంచెం, రోజూ కొంచెం, ఎవరూ చూడని వేళ, ఎవరూ కూర్చోమని చెప్పని వేళ, గుండమ్మ గుంతకు పెడుతోంది. అటు వైపు బెండు కొట్టిన సంగతి ఆమెకు తెలియదు. లేక తెలిసీ, మూతి మూసినంత మాత్రాన కడుపు ఆకలి ఊరుకుంటుందా అనుకుందో. గుంత తింది, అరిగించుకుంది, నిండింది. నిండినది ఎటో ఒకవైపు రావాలి కదా.

కోపం రావాలనుకుంది రేవమ్మ. కోపం కోసం లోపల వెతికింది కూడా, పూవు కోసం వెతికినట్టే. దొరికితే బాగుండేది. దీపం ఎందుకు తీశావని అత్త అంటే, ఇంటిని పేల్చబోయింది నువ్వు అని తిప్పి అనొచ్చు. ఆ మాట నోట్లో పెట్టుకుని నమిలి చూసింది, రుచి తగల్లేదు. రామవ్వ ఇచ్చిన మాట ఇంకా తేలిక. గాలికి పోయింది. తనను ఎవరూ ఏమీ అనరు. కానీ గాలికి పోయిన దీపం ఉత్తగా పోయినట్టు కాదు ఆ ఇంట్లో. గాలికి పోతే, దేవి మొహం తిప్పుకున్నట్టు. ఎవరి పేరు మీద పెట్టారో వాళ్ళ మీదికి వస్తుంది. గుండమ్మ ఇక కాన్పు అయ్యేదాకా ప్రతి క్షణం కంగ్టి వైపు చూస్తూ చస్తుంది, మంచమెక్కుతుంది, ఎవరో ఒకరు ఆ మాట పిల్ల చెవిన వేస్తారు, నీ దీపం పోయిందటనే అని. పిల్ల నొప్పులు పడుతూ ఆ మాట తలుచుకుంటుంది. రేవమ్మకు తన నోట్లో ఉన్న గాలి అనే మాట బరువు తెలిసింది. అదే మనిషి చేత్తో తీస్తే, దోషం తీసిన చేతిది. ఆ చెయ్యి తనది, ఇదిగో, ఇక్కడే ఉంది, వేలు కాలి. దీని మీదికి ఏది రావాలన్నా రానీ. తాను నమ్ముతుందా ఇదంతా? నమ్మదు. ఎండలో కూర్చుని అడిగితే నమ్మదు. పిల్ల నొప్పులు పడుతోందని కబురొస్తే నమ్ముతుంది. అంతే కదా అందరూ.

ఎండ గోడ ఎక్కుతోంది. నల్లా మెడ దగ్గర నూనె లేదు, నల్లటి తడి గీత మాత్రం ఉంది. దిగింది. రేవమ్మ లేచి, చక్రానికి పాతచీర ముక్క చుట్టి, రోకలి కట్టెను చక్రం ఆకుల మధ్య దూర్చి, ఊపిరి బిగబట్టి, కొట్టకుండా, తొందరపడకుండా, పసిబిడ్డ తల తిప్పినట్టు నొక్కింది. ఏమీ కాలేదు. ఇంకాస్త నొక్కింది. లోపల ఎక్కడో పళ్ళు కొరికినట్టు చిన్న చప్పుడు. ఆపైన ఒక వెంట్రుకవాసి, ఒక గింజవాసి, తర్వాత అర చుట్టు, ఆ తర్వాత అది తిరుగుతూనే ఉంది, ఎన్నాళ్ళనుంచో ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తున్నట్టు. చివరికి ఇక తిరగనని నిలబడింది. స్నానాల రాతి దగ్గర కుంకుడు పులుసు గిన్నె ఉంది. చేత్తో గిలకొట్టి నురగ తీసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయి, గోడలోని పైపు మూతికి పూసి నిలబడింది. నురగ తెల్లగా, కదలకుండా, ఒక్క బుడగ కూడా ఉబ్బకుండా, తనకు తానే సన్నగా విరిగి ఆరిపోయింది. గాలి ఆమెను దాటుకుని పోతూనే ఉంది. వాసన పలచబడింది కానీ కప్పు కింద వాసాల సందుల్లో ఇంకా కొంచెం ఉంది, వెళ్ళడానికి మనసు రాని చుట్టంలా.

జీపు చప్పుడు. ముందు వాకిట్లో చెప్పులు. గుండమ్మ కాళ్ళు కూడా కడుక్కోకుండా, చేతిలో కొబ్బరిచెక్కతో, నుదుటి విభూతి మీద కుంకుమతో లోపలికొచ్చింది. "యాకె, ఇల్లంత ఎందుకిట్ల తెరిచినవ్" అని సగం కన్నడంలో అంటూనే వచ్చి వంటింటి గడప దగ్గర నిలిచిపోయింది. ఆమె కళ్ళు మసక. ఎదురుగా ఉన్న మనిషిని గొంతుతో గుర్తుపడుతుంది. అయినా మూల ఉన్న చీకటే ఆమెకు ముందు కనిపించింది.

"దీపమేది?"

"బయట ఉన్నది అత్తా."

గుండమ్మ తలుపు చెక్కను పట్టుకుంది. "గాలికి పోయిందా?"

అదిగో, ఆమే అందించింది. ఊ అంటే చాలు. రేవమ్మ తుప్పంటిన చేతులను చీరకు తుడుచుకుంది.

"గాలికి పోలే. నేనే తీసిన."

"నువ్వా."

"నేనే. పాత పైపుల కెల్లి గ్యాసొచ్చింది. దీపం ఉంటె ఇల్లు ఉండకపోతుండె."

"ఊదినవా?"

"లేదు. పూవు పెట్టి."

"ఏ పూవు?"

"అమ్మవారి పాదాల కాడి బంతి."

గుండమ్మ కొబ్బరిచెక్కను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "గాలి రానే రాలేదు గదా అప్పటికి? మహానంద మీద ఒట్టేసి చెప్పు."

"మహానంద మీద ఒట్టు. అప్పటికింక ఒక్క తలుపు గూడ తియ్యలే. మంట నిలువుగ ఉండె. నేను చెయ్యి పెట్టేదాక నిలువుగనే ఉండె."

ఆ మాట విన్నాక గుండమ్మ మోకాళ్ళ మీద చేతులాన్చి, మెల్లగా గడప మీద కూర్చుంది. ఆ తర్వాత, "సాకు. ఇగ సాకు" అంది, ఇక చాలని ఎవరికో చెప్పినట్టు. "అట్లయితె అమ్మవారు పిల్ల జోలికి పోదు. అడిగితె నిన్ను అడుగుతది."

"అడగనీ."

"నిన్ను అడిగినంక నన్ను అడుగుతది. గుంతకు పోసిందెవరని."

రేవమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "నేను అడిగిన్నా?"

"నువ్వు అడగవు. అన్నీ చూసుకుంట ఊకుంటవ్. అదే నాకు మంట." గుండమ్మ పెరడు వైపు ముఖం తిప్పింది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "నిండిందా, నిజంగ?"

"నిండి, మీ కొడుకు కొట్టిన బెండును ఊడగొట్టింది."

"ఒక్క బర్రె పెండకు." ముసలామె పెదవి ఒక పక్కకు లాగింది. నవ్వును మింగుతోంది. "ఒక్క బర్రెకు నిండదన్నడు వాడు."

"రేపు పైపుల పని చేసే కాలేబును పిలుస్త. ఇంటి దిక్కు పైపు కోపిచ్చి, రెండు దిక్కుల మూత బిగిపిస్త. అప్పటిదాక ఒక్క గంప గూడ పొయ్యకు అత్తా."

"అప్పటిదాకనే గదా" అంది గుండమ్మ వెంటనే. రేవమ్మ తల ఊరికే ఊపింది. అవునని కాదు, కాదని కాదు. గోడ మీది ఎండ చివరి అంచు కూడా జారిపోయింది. కంగ్టి నుంచి వచ్చే బస్సు రోడ్డు మీద హారను కొడుతూ పోయింది. ఇద్దరూ తలెత్తి విన్నారు, అది ఆగుతుందేమోనని, ఎవరైనా దిగి ఈ సందులోకి నడిచి వస్తారేమోనని. ఆగలేదు. పక్క ఇళ్ళలో ఒక్కొక్కటే దీపాలు పడుతున్నాయి. అలవాటుగా గుండమ్మ చెయ్యి బొడ్డు దగ్గరి చీర ముడిలోకి పోయి, కర్పూరం పొట్లంతో పాటు అగ్గిపెట్టె తీసింది. తీసి, ఆగింది.

"ఇప్పుడు ముట్టియ్యొచ్చునా?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఒక పని చెయ్యొచ్చా అని తనను అడగడం రేవమ్మ విన్నది అదే మొదలు. తలెత్తి వాసాల వైపు ముక్కు పెట్టి చూసింది.

"వద్దత్తా. ఇంక కొంచెం ఉన్నది. పోనీ."

గుండమ్మ గూటి వైపు చూసింది. అక్కడ అమ్మవారు ఉన్నదో లేదో తెలియనంత చీకటి. ఆపైన అగ్గిపెట్టెను కోడలి అరచేతిలో పెట్టి, ఆమె వేళ్ళను దాని మీదికి తానే మడిచింది.

"నీ కాడ ఉంచుకో. నా చెయ్యి ఊకోదు."

పుల్లలు లోపల ఒకసారి గలగలమన్నాయి. రేవమ్మ పిడికిలి బిగించింది. ఇద్దరూ గడప మీద, భుజానికి భుజం తగిలేటంత దగ్గరగా, చీకట్లో కూర్చున్నారు.